మగవాళ్లు పొద్దున, ఆడవాళ్లు సాయంత్రం

స్వింగ్ డాన్సు నేర్పి బతుకుతానని బాలశౌరి అన్నప్పుడు నూజివీడులో నవ్వనివాళ్లు లేరు. బెజవాడ రైల్వే క్వార్టర్లలో, ఆంగ్లో ఇండియన్ల పొరుగున ఉంటూ కుర్రతనంలో అబ్బిన విద్య అది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఆడాలి. మగవాడు ఎడమ కాలు వెనక్కి వేసి నడిపిస్తాడు. ఆడమనిషి కుడి కాలు వెనక్కి వేసి, అతని చేతి కింద గిర్రున తిరుగుతుంది. భార్య అమృతమ్మకు నూజివీడు బడికి టీచరుగా బదిలీ అయితే, తన వర్క్‌షాపు ఉద్యోగం వదిలేసి, టేప్ రికార్డరు చంకన పెట్టుకుని వెంట వచ్చేశాడు. పిచ్చంటే పిచ్చే, దానికి వేరే పేరెందుకు.

దశరథరామయ్య గారు తన మామిడికాయల షెడ్డు ఇచ్చారు. సీజను మూడు నెలలూ పోతే అందులో ఖాళీ పెట్టెలూ ఎండుగడ్డీ తప్ప ఏమీ ఉండవు. ఒక్కటే షరతు పెట్టారు. మగవాళ్లు పొద్దున రావాలి, ఆడవాళ్లు సాయంత్రం. పరాయి ఆడవాళ్ల చేయి ఎవరూ పట్టుకోకూడదు.

జంటగా ఆడే ఆటను విడివిడిగా నేర్పమంటే ఇంకెవరైనా దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. బాలశౌరి సరేనన్నాడు. పొద్దున మగవాళ్లకు ఆడమనిషి వంతు తనే ఆడేవాడు. సాయంత్రం ఆడవాళ్లకు మగవాడి వంతు ఆడటానికి అమృతమ్మను తయారు చేశాడు. ఇంట్లో బీరువా అద్దం ముందు పక్కపక్కన నిలబడి అడుగులు చెప్పాడే గానీ, చేయి పట్టుకుని ఆడింది లేదు. "అసలు ఆట తర్వాత ఆడదాంలే" అన్నాడు. ఆ తర్వాత అనేది నాలుగేళ్లయినా రాలేదు.

ఎనభై ఆరు మార్చిలో, కాయ కోతకు ముందు, దశరథరామయ్య గారి చెవిన ఎవరో ఏదో వేశారు. ఆయన షెడ్డుకు వచ్చి మొహమాటపడుతూనే చెప్పారు.

"ఆదివారం మేం నాలుగు కుటుంబాల వాళ్లం వస్తాం మాస్టారూ. మీ భార్యాభర్తలిద్దరూ ఆడి చూపించండి. మా ఆడవాళ్లకి మర్యాదగా ఉందనిపిస్తే షెడ్డు మీదే. లేదంటే సీజను అయ్యాక తాళం ఇవ్వలేనండీ."

ఆ షెడ్డు పోతే ఊళ్లో ఇంకెవరూ చోటివ్వరు. బాలశౌరికి తిండి సయించలేదు. అయినా లోపల ఓ మూల సంతోషంగానే ఉంది. నలుగురిలో భార్య చేయి పట్టుకుని తిప్పాలన్న కోరిక పెళ్లినాటిది.

శనివారం రిహార్సల్లో ఆ కోరిక కాస్తా చతికిలపడింది. అతను ఎడమ కాలు వెనక్కి వేస్తే ఆమె కూడా ఎడమ కాలే వేసింది. అతను చేయి ఎత్తితే ఆమె కూడా ఎత్తింది. మోకాళ్లు కొట్టుకున్నాయి.

"నేను తిప్పుతాను, నువ్వు తిరగవే."

"తిరగడం మీరు నేర్పలేదుగా," అంది అమృతమ్మ నిదానంగా. "నాలుగేళ్ల నుంచి నా కాళ్లకి తిప్పడమే తెలుసు. మీ కాళ్లు మాత్రం మాట వింటున్నాయేంటి?"

వినడం లేదు. అతని కుడి కాలు మాటిమాటికీ తనంతట తనే వెనక్కి పోతోంది. పౌరుషం కొద్దీ ఎడమకాలిని ఈడ్చుకొస్తున్నాడు.

ఆదివారం షెడ్డంతా కుర్చీలు. ముందు వరసలో దశరథరామయ్య గారు, పక్కన భార్య గోవిందమ్మ గారు. టేపు మొదలైంది. బాలశౌరి చేయి చాచి అమృతమ్మ చేయి అందుకున్నాడు. ఆమె అతని వేళ్లను బిగించి పట్టుకుని, షెడ్డు తలుపుకు వేలాడుతున్న తాళం వైపు చూసింది. తప్పు చేస్తే షెడ్డు పోతుందని ఆమె తనకంటే ఎక్కువ భయపడుతోంది. అది తెలిశాక అతనికి పౌరుషం మిగల్లేదు.

"నువ్వే నడిపించు," అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె ఎడమ కాలు, అతని కుడి కాలు ఒక్కసారే వెనక్కి పడ్డాయి. ఆపైన దేనికీ తడుముకోలేదు. ఆమె చేయి ఎత్తింది. యాభై దాటిన మనిషి, బట్టతల వంచుకుని, భార్య చేతి కింద గిర్రున తిరిగాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అతని ధ్యాసంతా ఆమె వేళ్ల మీదే ఉంది. ఆమె ఎటు వెళ్లాలనుకుంటోందో ఇరవై ఆరేళ్ల కాపురంలో ఇంత శ్రద్ధగా ఎప్పుడూ కనిపెట్టి చూడలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఎంతో హాయిగానూ ఉంది.

పాట ఆగింది.

"అమ్మగారు తిప్పారేంటి మాస్టారూ?" అన్నారు దశరథరామయ్య గారు.

"ఆవిడే బాగా తిప్పుతుందండీ."

నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని గోవిందమ్మ గారు గొంతు సవరించుకున్నారు. "నేను సాయంత్రం బ్యాచీలో చేరతానమ్మా," అన్నారు అమృతమ్మతో. తర్వాత బాలశౌరి వైపు తిరిగి, "ఈయన్ని పొద్దున పంపిస్తాను. ఆ తిరగడం నేర్పండి."

దశరథరామయ్య గారు కండువా సర్దుకున్నారు.

"జూలై ఒకటిన వచ్చి తాళంచెవి తీసుకెళ్లమ్మా," అన్నారు అమృతమ్మతో.