ఎర్ర తలుపు, ఆకుపచ్చ తలుపు

టీవీకి తగిలించే వీడియో గేములు అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న రోజులు. పత్రికలో ఒక కొత్త ఆట మీద సమీక్ష పడగానే దుకాణాల నుంచి ఆ ఆట క్యాసెట్లు వెనక్కి రావడం మొదలైంది.

"తలుపులు వాటి ఇష్టమొచ్చినట్టు ప్రవర్తిస్తాయి. తెలివితో పనిలేదు, అదృష్టముంటే చాలు."

రాసింది ఆట తయారుచేసిన కుర్రాడి సొంత బావ. మొదటి ఆట అమ్ముడుపోతేనే సగంలో ఉన్న రెండో ఆట బతుకుతుందని ఆయనకు తెలుసు. అయినా బావమరిదిని వెనకేసుకొచ్చాడని ఎవరూ అనకూడదు. ఇంట్లో ఆడితే భార్య పక్కన చేరి తమ్ముడి తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది. అందుకే ఆఫీసులో గడియ పెట్టుకుని ఆడాడు. ఎవరినీ ఏమీ అడగలేదు.

తర్వాత ఇస్త్రీపెట్టె బాగుచేయించడానికి షోరూముకి వెళ్ళాడు. అక్కడ సగం ధరకి పెట్టిన అదే ఆటను తల్లీకూతుళ్ళు ఆడి చూస్తున్నారు.

"ఎర్రదాంట్లో దూరకమ్మా, చస్తావు. ఆకుపచ్చదాంట్లోకి పో," అంది కూతురు.

బావ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆఫీసు టీవీలో తలుపులన్నీ బూడిద రంగే. అది బ్లాక్ అండ్ వైట్ టీవీ.

ఇస్త్రీపెట్టె కౌంటరు మీదే వదిలేసి బావమరిది గదికి పరిగెత్తాడు. ఆట అమ్మే కంపెనీ మనుషులు అతనికిచ్చిన కంప్యూటరుని వెనక్కి తీసుకుపోతూ మెట్లమీంచి దించుతున్నారు.

"మీ మేనేజరుకి ఫోన్ కలుపు. తప్పు నాదని చెప్తా. సవరణ వేయిస్తా."

"ఏ టీవీలో ఆడావు బావా?"

"ఆఫీసుది. డొక్కుది."

బావమరిది మంచం అంచున కూర్చున్నాడు. "రంగుల టీవీ ఉండాలని డబ్బా మీద వేద్దామన్నారు వాళ్ళు. కొనేవాళ్ళు తగ్గుతారని నేనే వద్దన్నా."

"నాకైనా చెప్పొచ్చుగా."

"నా పొగరు. మొదటి తలుపు దగ్గర చచ్చినప్పుడే నువ్వు ఫోన్ చేస్తావనుకున్నా."

సవరణ తర్వాతి సంచికలో ఓ మూల పడింది. అప్పటికి ఏ దుకాణంలోనూ ఆ ఆట లేదు.

ఒక ఆదివారం అక్క తన ఇంట్లోని రంగుల టీవీకి ఆ క్యాసెట్ తగిలించింది. తమ్ముడు ఆమె వెనక సోఫాలో పేపరు చదువుతున్నాడు. బావ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏ తలుపురా?"

"ఆకుపచ్చది అక్కా," అన్నాడు పేపరులోంచి తలెత్తకుండానే.

ఆమె చివరి గదిదాకా వెళ్ళింది. అక్కడ నీలం తలుపు ఒకటుంది. ఎంత గుద్దినా తెరుచుకోలేదు.

"దీన్నేం చేయాలి?"

"వదిలెయ్. అది రెండో ఆటలో తెరుచుకోవాల్సింది."

బావ వచ్చి టీవీ కట్టేశాడు.