పసుపు కింది సొట్ట

సద్దుల బతుకమ్మ తెల్లారి బుచ్చిరాములు పండ్లపుల్ల నోట్లె పెట్టుకొని రోడ్డు మీదికి వచ్చిండు. కారు కాడికి పోయి నిలవడ్డడు. నములుడు ఆగింది.

కుడి పక్క ముందటి డోరు లోపలికి పోయింది. కాలుతోటి తొక్కిన రేకు డబ్బా తీర్గ అయింది. పక్కద్దం వైరు పట్టుకొని వేలాడుతుంది. తెల్ల రంగు గీసుకపోయి కింది ఇనుము కనవడుతుంది. డోరు గుంజిండు. రాలే. ఇంకోపాలి గుంజిండు. కిర్రుమన్నది గని రాలే.

"ఓ కొమురీ!" అని ఒర్రిండు.

పెండ్లాం కొమురవ్వ చేతిల చీపురుతోనే ఉరికొచ్చింది. చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"ఎవ్వలయ్యా గిట్ల చేసింది?"

"నన్నడుగుతవేందే? వాకిట్ల ఉన్న బండిని రోడ్డు మీద పెట్టుమన్నది నువ్వు."

అది నిజమే. వాడకట్టు ఆడోళ్లంత వాళ్ల వాకిట్లనే బతుకమ్మ ఆడుతరు. తిరిగెటందుకు బండి అడ్డమని కొమురవ్వనే తీయుమన్నది. తీసి రోడ్డు పక్క మురికినీళ్ల మోరి కాడ పెట్టిండు. పొద్దుగూకినంక ఊరంత బతుకమ్మలెత్తుకొని గోదారికి పోయింది. డప్పులు, మైకు, పాటలు. ఆ సప్పుడుల ఎవడు వచ్చిండో, ఎవడు గుద్దిండో, ఎటు పోయిండో ఎవ్వలు చూడలే.

కారు కొత్తది కాదు. మంథనిల ఒక సారు వాడి అమ్మింది. అయినా బుచ్చిరాములు ఇంట్ల అదే మొదటి కారు. మాట్లాడుడు తక్కువ మనిషి ఆయన. పొద్దుగాల లేచి ఆ కారు అద్దం తుడుసుడే ఆయనకు ముచ్చట.

మొఖం గూడ కడుగకుంట ఓంప్రకాశ్ హోటల్ కాడికి పోయిండు. ఆడ చాయ్ తాగెటోళ్లకు అప్పటికే ఎరుకైంది.

"కాకా, బండికి దిష్టిచుక్క పెట్టకపోతివి. ఎవడో పుణ్యాత్ముడు పెట్టి పోయిండు" అన్నడు ఒకడు. అందరు నవ్విర్రు.

"నవ్వుర్రి. గుద్దినోడెవడో చెప్పి నవ్వుర్రి."

"ఎవడని చెప్తం కాకా?" ఓంప్రకాశ్ చాయ్ వడపోసుకుంటనే అన్నడు. "ఊరంత గోదారి ఒడ్డునున్నది. ఇంటికాడ ఉన్నది ఒక్క సదానందమే."

ఓంప్రకాశ్ ఊకెనే అన్న మాట అది. బుచ్చిరాములు మాత్రం చాయ్ సగంల పెట్టి లేచిండు.

సదానందం ఇల్లు మోరికి అవతల. ట్రాలీ ఆటో నడుపుతడు. ఊరి వరుసల కొమురవ్వకు తమ్ముడు, బుచ్చిరాములుకు బామ్మర్ది అయితడు. వరుస ఉన్నందుకు బుచ్చిరాములు కనవడితె చాలు ఏదో ఒక పరాచికం ఆడుతడు. బుచ్చిరాములుకు ఆ పరాచికాలు ఎన్నడు నచ్చలే. ఊకున్నడంతే.

ఇంటికొచ్చి, "సదానందమే" అన్నడు.

"చూసినవా?" అన్నది కొమురవ్వ.

"చూసుడెందుకు? ట్రాలీ ఎప్పుడు ఆ మోరి కాడనే మలుపుతడు. ఊరంత గోదారికి పోతె వాడెందుకు పోలే?"

"చూడని మాట నోట్లెకెళ్లి తియ్యకు. వరి ఎర్రవారుతుంది. కోత మిషన్ ఎవ్వల పొలంలకెళ్లి పోవాలె? యాదికున్నదా?"

యాదికి లేకేం. బుచ్చిరాములు పొలానికి ఒక దిక్కు కాలువ, దాని కట్ట మీద మనిషే నడుస్తడు, మిషన్ పట్టది. ఇంకో రెండు దిక్కులు వాననీళ్లు కోసిన ఒర్రెలు, రాళ్లు. బాటకు సదానందం పొలమే అడ్డం. ఏటేటా సదానందం తన వరి ముందుగాల కోయిచ్చి, రెండు పొలాల నడిమి గెట్టు తెంపి, అదే మిషన్‌ను ఇటు తోలుతడు. దానికి కాయిదం లేదు. బావ, బామ్మర్ది అనే మాటే ఉన్నది. సదానందం వద్దన్ననాడు బుచ్చిరాములు వరికి మిషన్ లేదు. వాళ్లు తినేది, అమ్ముకునేది ఆ వరే.

"మా తమ్ముడు గట్ల చేసెటోడు కాదు" అన్నది కొమురవ్వ.

"నీ తమ్మునికి నువ్వే హారతియ్యి" అని కారు ఎక్కబోయిండు. కుడి డోరు రాలే. ఎడమ పక్కనుంచి ఎక్కి, గేరు మీదికెళ్లి కాళ్లు దాటిచ్చి, సీట్ల పడ్డడు. పొరగండ్లు చూసి నవ్విర్రు.

ఠాణాకు పోయిండు.

"నంబరు చూసినవా?" అన్నడు రాసెటాయన.

"చూడలే."

"చూసినోళ్లున్నరా?"

"లేరు."

"మరి ఎవ్వని మీద రాయాలె? పండుగ బందోబస్తున్నది. అయినంక రా."

ఇన్సూరెన్సాయనకు ఫోన్ చేస్తె, నువ్వు కట్టింది ఎదుటోని బండికి నష్టమైతె ఇచ్చేది, నీ బండికి పైస రాదు అన్నడు. బుచ్చిరాములు మళ్ల ఎడమ పక్కనుంచి ఎక్కి, కాళ్లు దాటిచ్చుకొని, ఇంటికొచ్చిండు. దారి పొడుగుత సదానందం మొఖమే కండ్లల్ల ఆడింది.

దసర వచ్చింది. అందరు పాలపిట్టను చూసి, జమ్మి చెట్టు కాడికి పోయి, ఆకు తెంపుకొని వచ్చిర్రు. ఆ సాయంత్రం చిన్నోళ్లు పెద్దోళ్ల ఇండ్లకు పోయి, బంగారమని జమ్మి చేతిల పెట్టి కాళ్లు మొక్కుతరు. జమ్మి పట్టుకొని వచ్చినోనికి పగోడైనా తలుపెయ్యడు. పెద్దోళ్లు అరుగుల మీద కూసుంటరు. బుచ్చిరాములు ఏటేటా గట్లనే కూసుంటడు. ఈ యేడు కూసోలే. పిడికెడు జమ్మి జేబుల పోసుకొని తనే ఇల్లిల్లు తిరుగ వట్టిండు.

"అన్నా, నువ్వొచ్చుడేంది? మేమే రావాలె గద" అని జనం పరేషానయిర్రు. ఆయన ఆకు చేతిల పెడుతుండు, చూపు మాత్రం వాకిట్ల బండి మీద పెడుతుండు. ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు అన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలేసి ఉన్నయి. ఒక్కో బండి చుట్టు తిరిగి చూసిండు. ఎక్కడ ఏం దొరుకలే. ఆఖరికి సదానందం ఇల్లు మిగిలింది.

సదానందం వాకిట్ల జనమున్నరు. పండుగకు వచ్చిన అతని బామ్మర్దులు మంచాల మీద కూసున్నరు. బుచ్చిరాములును చూసి సదానందం చేతులు రెండు చాపి ఎదురొచ్చిండు.

"ఓహో, మా బావనే వచ్చిండు! జమునా, కుర్చీ తే. ఇయ్యాల వాన పడుడు ఖాయం. రా బావా, అలయ్ బలయ్!"

బుచ్చిరాములు జమ్మి ఆకు ఆ చాపిన చేతిల పెట్టి, అతని పక్కనుంచే నడిసి ట్రాలీ కాడికి పోయిండు.

సదానందం చేతులు కొంచెంసేపు అట్లనే ఉన్నయి. మెల్లగ దించుకున్నడు.

ట్రాలీకి అంతట పసుపు బొట్లే. ముందటి ఎడమ మూలకు మాత్రం అరచెయ్యంత మందాన మెత్తి ఉన్నది. దాని మీద కుంకుమ, దాని మీద పూవు.

"గీడ గింత పసుపెందుకు?"

"పండుగ బావా. పసుపు గాక సున్నం పూస్తరా?"

మంచాల మీదోళ్లు నవ్విర్రు. బుచ్చిరాములు నవ్వలే. భుజం మీది తువ్వాల తీసిండు.

"అన్నా, ఏం చేస్తున్నవ్? పూజ చేసిన బండి!" అని సదానందం పెండ్లాం జమున ఇంట్లకెళ్లి ఒర్రింది.

అప్పటికే తుడిసిండు. పూవు రాలింది. పసుపు కుంకుమ కలిసి తువ్వాలకు అంటినయి. కింద సొట్ట ఉన్నది. ఉన్నది గని, సొట్ట నిండ తుప్పున్నది. గోరుతోటి గోకిండు. ఎర్రగ పొడి రాలింది. నిన్న మొన్న పడ్డ సొట్ట కాదది. ఎన్ని వానలు తాగిందో. మంచాల మీదోళ్లు గూడ లేచొచ్చి చూసిర్రు. ఎవ్వలు నవ్వలే ఇప్పుడు.

బుచ్చిరాములుకు తెలిసిపోయింది. తెలిసినా నోరు అటు తిరుగలే.

"మరి ఆ రాత్రి గోదారికెందుకు రాలే?" అన్నడు.

సదానందం గోడ పక్కకు చెయ్యి చూపిచ్చిండు. బర్రె దగ్గర పెయ్యదూడ వణుక్కుంట నిలవడ్డది.

"బర్రె ఈనింది. దూడ అడ్డం తిరిగితె లోపలికి చెయ్యి పెట్టి తీసిన. మోచేతుల దాక నెత్తురు. నీ కారుకు నెత్తురంటిందా? పోయి చూసుకో."

జమున ఇంట్లకు పోయి గిన్నె పట్టుకొచ్చింది. మూత తీసింది. జున్ను.

"వదినెకని తీసిపెట్టిన. పండుగ పూట నువ్వే వస్తివి, చేతికియ్యాలనుకున్న" అన్నది. అని, గిన్నె తీసుకపోయి గేటు కాడ కుక్క ముందట బోర్లిచ్చింది.

సదానందం తన చేతిల ఉన్న జమ్మి ఆకును బుచ్చిరాములు అంగి జేబుల పెట్టిండు. మెల్లగ, పోకుంట పెట్టిండు.

"నీ బంగారం నువ్వే ఉంచుకో పెద్దమనిషీ" అన్నడు. బావ అనలే.

బుచ్చిరాములు ఇంటికొచ్చిండు. ఏమైందని కొమురవ్వ అడుగలే. ఆయనకంటె ముందుగాలనే ముచ్చట ఇల్లు చేరింది.

"పోయి తప్పైందను" అన్నది. "ఇప్పుడే పో. జమ్మి పంచే పూటనే అను. రేపైతె ఆ మాట పనిచెయ్యది."

ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

గుద్దినోడు ఎవడో తెల్వలే. కంకర టిప్పరు అన్నరు కొందరు, పక్కూరి డీజే బండి అన్నరు కొందరు. అన్నోళ్లే గని చూసినోళ్లు లేరు. బుచ్చిరాములు ఎవ్వలను అడుగుడు మానిండు. రోజూ ఎడమ పక్కనుంచే ఎక్కి దిగవట్టిండు.

వరి పండింది. కోత మిషన్ సదానందం పొలంల దిగింది. బుచ్చిరాములు గెట్టు మీద నిలవడి చూస్తుండు. కోసుడయింది. ఏటేటా గెట్టు తెంపే జాగ ఉంటది. సదానందం ఆడికి తుమ్మకంప గుంజుకొచ్చి అడ్డం పడేసిండు. పడేసి పక్కకు కూసున్నడు. బీడి ముట్టిచ్చిండు.

మిషన్ డ్రైవర్ ఆపి, చెయ్యి ఊపి, "చాచా, జల్దీ చెప్పు! అవతల ఊరోళ్లు ఎదురుచూస్తుర్రు" అని ఒర్రిండు.

బుచ్చిరాములు కంప కాడికి వచ్చిండు.

"సదానందం."

"చెప్పు పెద్దమనిషీ."

"వరి రాలిపోతది."

"రాలుతది మరి. పండినంక రాలకుంట ఉంటదా?"

"మిషన్ పోనియ్యి."

"పోనిస్త. నా బండి గోకి చూసినట్టు నా పొలం గూడ గోకి చూస్తవా ముందుగాల? కింద నీ కారు రంగు దొరుకుతదేమో."

డ్రైవర్ ఇంజన్ బందు చెయ్యలే. కొమురవ్వ వెనుక నిలవడ్డది. ఆమె ఏం మాట కోసం చూస్తుందో బుచ్చిరాములుకు తెలుసు. సదానందానికి గూడ తెలుసు. బీడి పట్టుకున్న చెయ్యి నోటి దాక పోకుంట ఆగింది. నిజంగ ఆగింది. ఆ ఒక్క మాట అంటె కంప తీసెటోడే.

బుచ్చిరాములు నోరు తెరిసిండు.

"ఆ గుద్దినోడు దొరికితె..." అన్నడు.

సదానందం బీడి గట్టిగ గుంజి పొగ ఇడిసిండు.

"దొరికితె వాని పొలంలకెళ్లి తీసుకపో మిషన్" అన్నడు.

డ్రైవర్ మిషన్ మలిపిండు. ఆ సప్పుడు రోడ్డు దాక వినవడి, ఆటెన్క వినవడలే.

తెల్లారి కొడవండ్లు పట్టుకొని ఇద్దరే దిగిర్రు. కూలోళ్లు రాలే. మిషన్లొచ్చినంక చేతులతోటి కోసుడు ఎవ్వలకు చాతనైతలేదు. చాతనైనోళ్లు రామన్నరు. ముట్టుకుంటె చాలు గింజలు జలజల రాలుతున్నయి. నడుము లేవకుంట కోసిర్రు, మోపులు కట్టిర్రు.

మోపులు రోడ్డుకు చేర్చాలె. కాలువ కట్ట మీదికెళ్లి పోతె మస్తు దూరం. సదానందం పొలం కోసి సాఫుగ ఉన్నది, రోడ్డు ఎదురుంగనే కనవడుతుంది. కొమురవ్వ మోపు నెత్తికెత్తుకొని ఎవ్వలను అడుగకుంట తిన్నగ కంప కాడికి నడిసింది. బుచ్చిరాములు మోపెత్తుకొని వెనుకనే నడిసిండు.

సదానందం అక్కడనే ఉన్నడు. లేచి కట్టెతోటి కంపను పక్కకు జరిపిండు.

"పైలంగ పో అక్కా, ముండ్లున్నయ్" అన్నడు.

కొమురవ్వ దాటింది. తిరిగి చూడలే.

సదానందం కంపను మళ్ల ఉన్న జాగల గుంజి, దాని మీద కట్టె పెట్టిండు. బుచ్చిరాములు నెత్తి మీద మోపుతోటి ఇవతలనే నిలవడ్డడు. గింజలు మెడ మీదికెళ్లి అంగిలకు రాలుతున్నయి. మోపు సర్దుకొని, కాలువ కట్ట దిక్కు తిరిగిండు.