నలభై ఒక్క వీపులు

మంగళవారం ఉదయం పదిన్నరకి టీషర్టు మీది బొమ్మలో ఒక మనిషి తగ్గాడు.

అక్కా తమ్ముడూ చందాదారులకు నెలకో టీషర్టు పంపుతారు. బొమ్మ ప్రతినెలా ఒక కొత్త చిత్రకారుడు వేస్తాడు. చందాదారులు ఎంతమందో చెబుతారు గాని పేర్లు అతనికి చెప్పరు. పార్శిల్ ఎన్నాళ్లకు చేరుతుందో చూసుకోవడానికి అక్క తన పేరు కూడా జాబితాలో చేర్చుకుంది. మొత్తం నలభై ఒక్కమంది. ఈ నెల బొమ్మలో నలభై ఒక్కమంది వీపులు మనవైపు పెట్టి వరుసగా నిలబడ్డారు; చివర జడతో ఒక ఆడమనిషి.

ముప్ఫయ్యో చొక్కా మీద నలభై మందే పడ్డారు.

"అచ్చు తెరలో రంగు ఎండి పూడుకుపోయిందే అక్కా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు కడిగితే కదరా!"

కడిగి మళ్లీ అచ్చు వేశారు. నలభై మందే. మధ్యాహ్నం ఒక చందాదారు కొడుకు ఫోన్ చేశాడు. "మా నాన్న పొద్దున పదిన్నరకి పోయారండి. ఇక చొక్కాలు పంపకండి."

తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. "అక్కా, ఆ జాబితాలో నువ్వూ ఉన్నావు."

"అప్పుడే సాగనంపుతున్నావేంట్రా? పని చూడు," అంటూ అక్క ప్యాకింగ్ గదిలోకి వెళ్లింది.

ఆమెకు ఏమీ కాకూడదని తమ్ముడు కంప్యూటర్లో జాబితా తెరిచి ఆమె పేరు తీసేశాడు. మూడుంబావుకి ఇంకో చొక్కా అచ్చు వేశాడు. వరుస చివర జడతో ఉన్న ఆడమనిషి లేదు. ముప్ఫై తొమ్మిది మంది ఉన్నారు.

పక్కగదిలో టేపు చప్పుడు ఆగింది. అతను రెండుసార్లు పిలిచి, తలుపు తీశాడు. గదిలో ఎవరూ లేరు. ఆ గదికి ఉన్నది ఆ తలుపొక్కటే.