మైకు మూసి చెప్పిన మాట

పొద్దున్నే రామమ్మ బస్తీలో ఇంటింటికీ తిరిగి చక్కెర పంచింది. అడిగిన వాళ్లకూ అడగని వాళ్లకూ నోట్లో ఇంత పోసి, "ఇయ్యాల ఫోన్ల చెప్తరంట, మా నర్మద లగ్గం ముచ్చట" అంది. కూలీల అడ్డా మీద నిలబడి, మేస్త్రీ పిలిస్తే పోయి ఇసుక తట్టలు మోసే మనిషి. ఆమెకు అంత నోరెక్కడిదో కూతురికే తెలియలేదు. "ఇంకా చెప్పలే గదమ్మా, జర ఆగరాదూ" అంటే విన్నది కాదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కానీ నిజం చెప్పాలంటే, నర్మద ఆపిన ఆపడంలో కూడా అంత బలం లేదు. తల్లి అలా గర్వంగా తిరుగుతుంటే ఆమెకు బాగానే ఉంది.

నర్మద ఎవరో చిక్కడపల్లిలో చెప్పక్కర్లేదు. మిగతా లోకానికే చెప్పాలి, లోకం ఏడాదిలోనే మరిచిపోయింది కాబట్టి. నారాయణగూడలో చీరల దుకాణంలో పనిచేసేది. బీరువాల్లోని చీరలన్నీ విప్పించి, చివరికి "మళ్ల వస్తం" అని లేచిపోయే ఆడవాళ్లను అనుకరిస్తూ వీడియోలు చేసింది. అవి చూసి 'వంద కళ్ల ఇల్లు' అనే షో వాళ్లు పిలిచారు. ఇంటినిండా కెమెరాలు, గడప దాటే వీల్లేదు. లోపలి వాళ్లు తిట్టుకున్నా ప్రేమించుకున్నా జనం అన్నం తింటూ చూస్తారు. అక్కడ దొరికాడు అభిజిత్. అశోక్‌నగర్‌లో సొంత మేడ, బ్యాంకులో చేసి రిటైరైన తండ్రి కిషన్ రావు, జిమ్ములో పెంచిన భుజాలు, సీరియల్ హీరో కావాలనే కోరిక. జనానికి వీళ్లిద్దరూ జోడీగా నచ్చారు. మేడ అబ్బాయి, బస్తీ అమ్మాయి. ఇంతకంటే ఏం కావాలి, కూర లేకపోయినా అన్నం దిగుతుంది.

ఆట అయిపోయాక మొదట్లో బాగానే సాగింది. ఇద్దరినీ కలిపి బిర్యానీ హోటళ్లకూ మొబైల్ షాపులకూ రిబ్బను కత్తిరించడానికి పిలిచేవారు. చిక్కడపల్లి లైబ్రరీ ముందు ఉద్యోగాల కోచింగ్ పిల్లలు పుస్తకాలు పక్కన పెట్టి ఫోటోలు దిగేవారు. తర్వాత కొత్త సీజన్ వచ్చింది, కొత్త జోడీ వచ్చింది. పాత దుకాణానికి పోయి పని అడిగితే ఓనరు నవ్వి, "నువ్వు స్టార్‌వు గదమ్మా, నీతోని చీరలు మడత పెట్టిస్తే నాకు పాపం" అన్నాడు. చాయ్ తాగించి పంపాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ముఖానికి స్కార్ఫు కట్టుకోనిదే రోడ్డెక్కలేదు, స్కార్ఫు విప్పినా ఈ మధ్య ఎవరూ గుర్తుపట్టడం లేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ బాధో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇన్నిటి మధ్యా ఆమెను నిలబెట్టింది ఒక్క మాట. ఆ ఇంట్లో ప్రతి ఒక్కరి మెడలో మైకు వేలాడుతూ ఉంటుంది, నిద్రపోయేటప్పుడు తప్ప తీయకూడదు. అందుకని లోపలి వాళ్లకు ఒక అలవాటు పడింది. ఆట కోసం అనేది మామూలుగా అంటారు, నిజంగా అనుకున్నది మైకును గుప్పిట్లో మూసి అంటారు. మైకు మూసి చెప్పిన మాటకు అక్కడ ఒట్టు పెట్టినంత విలువ. ఒక మధ్యాహ్నం సామాన్ల గది పక్కన అభిజిత్ తన మైకు ఒక చేత్తో, ఆమె మైకు ఇంకో చేత్తో మూసి, చెవిలో అన్నాడు: "బయటికి పోయినంక నిన్నే చేస్కుంట. ఇది ఆట గాదు." ఆ ముక్క ఎపిసోడ్‌లో రాలేదు. రాలేదు కాబట్టే అది తన సొంతం అనుకుంది నర్మద. తన గురించి లోకానికి తెలియనిది అదొక్కటే మిగిలింది మరి.

మొన్న అతనే ఫోన్ చేశాడు. "ఆదివారం ఇంద్రసేన ఇంటర్వ్యూల మన సంగతి చెప్పేస్త. మమ్మీ గూడ ఒప్పుకుంది. మంచిగ చీర కట్టుకొని రా." ఆమె రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. తర్వాత తల్లికి చెప్పింది, తల్లి బస్తీకి చెప్పింది.

ఇంద్రసేన స్టూడియో నారాయణగూడలో, ఒక మందుల దుకాణం మీద రెండో అంతస్తు. యూట్యూబ్‌లో అతని మాటలు వినేవాళ్లు లక్షల మంది ఉన్నారు. మేకప్ చేసే అమ్మాయి నర్మద ముఖానికి తన రంగు కంటే బాగా తెల్లటి పౌడరు పట్టించి, మెడ దాకా తెచ్చి ఆపేసింది. చేతులు మాత్రం ఆమెవే మిగిలాయి. "చేతులు కొంగుల పెట్టుకో అక్కా, కెమెరాల తేడా కొడ్తది" అంది ఆ పిల్ల. నర్మద పెట్టుకుంది. లైవ్ మొదలైంది.

ముందు పేరు ప్రతిష్ఠల గురించి అడిగాడు ఇంద్రసేన. అభిజిత్ వెంటనే అందుకున్నాడు. "ఫేమ్ అనేది బాధ్యత బ్రో. జనం మనల్ని చూసి నేర్చుకుంటరు." ఇతన్ని చూసి జనం ఏం నేర్చుకున్నారో మరి, భుజాలు పెంచడం తప్ప. నర్మదను అడిగితే ఆమె కొంచెం ఆలోచించి చెప్పింది. "నా వీడియో నేనే చూస్త అన్నా. అండ్ల ఉన్న పిల్ల మస్తు తెల్లగుంటది, మస్తు నవ్వుతది. అద్దంల చూస్తే ఇంకెవరో ఉంటరు. ఎవరు నర్మదనో నాకే పరేషాన్ అయితది." ఇంద్రసేన తల ఊపి, చెవిలో ఎవరో ఏదో చెప్పగా విషయం మార్చాడు. మనిషి నిజం మాట్లాడితే లైవ్‌లో జనం తగ్గుతారట.

"సరే, ఇగ అందరు అడిగే ప్రశ్న. మీ ఇద్దరి మధ్యల ఏముంది?"

నర్మద కొంగులో చేతులు బిగించుకుంది. అభిజిత్ గొంతు సవరించుకున్నాడు.

"నర్మద నా బెస్ట్ ఫ్రెండ్ బ్రో. ఆ ఇంట్ల ఒక బాండింగ్ వస్తది, బయటికొస్తే లైఫ్ వేరే ఉంటది. ఇప్పుడు సీరియల్ ఒకటి సైన్ చేసిన, లీడ్ రోల్. నేనైతే సింగిల్." చెప్పి నవ్వాడు. ఏరు దాటాడు, ఇక తెప్పతో పనేముంది.

 బహుశా ముందు అలా ఆటపట్టించి చివర్లో చెప్తాడేమో అని నర్మదకు ఇంకా ఒక ఆశ. ఈ లోపల ఇంద్రసేన, "గట్లనా? మరి ఇది చూడుండ్రి, ఇప్పటిదాంక ఎవరు చూడనిది" అని వెనక తెర మీద షో వాళ్ల దగ్గర తెచ్చిన ఒక ముక్క వేయించాడు. సామాన్ల గది. అభిజిత్ రెండు చేతులు, రెండు మైకులు. కింద అక్షరాలు పడుతున్నాయి, గొంతు కూడా స్పష్టంగా వినిపిస్తోంది. బయటికి పోయినంక నిన్నే చేస్కుంట. ఇది ఆట గాదు.

"మైకు మూసినవ్ గదా బ్రో" అన్నాడు ఇంద్రసేన.

అభిజిత్ గట్టిగా నవ్వాడు. "పైన సీలింగ్‌ల ఇంకో మైకు ఉంటది బ్రో! మొదటి రోజే చెప్పిన్రు అందరికి. మైకు మూసిన సీన్లకే ఓట్లు ఎక్కువ పడ్తయి, ఎవరికి తెల్వదు? అది గేమ్."

మొదటి రోజు చెప్పారు, నిజమే. హోటల్ గదిలో అందరినీ కూర్చోబెట్టి ముంబై నుంచి వచ్చిన ఒకావిడ గంటసేపు ఇంగ్లిష్‌లో చెప్పింది. ఏమైనా డౌట్స్ ఉన్నాయా అని అడిగితే, చీర చాలా బాగుంది మేడం అన్నట్టే నర్మద నవ్వుతూ తల ఊపింది. అర్థం కాలేదని అంతమంది ఇంగ్లిష్ వాళ్ల ముందు ఎట్లా అంటుంది? దుకాణంలో నేర్చుకున్న తెలివి అదే కదా, తెలియకపోయినా తల ఊపాలి. ఆ ఒక్క ఊపుకు ఏడాది బతుకు బలైంది.

కెమెరా మెల్లగా ఆమె ముఖం మీదికి వచ్చింది. ఎందుకు వచ్చిందో ఆమెకు తెలుసు. ఆమె ఏడిస్తే జనం బాగా చూస్తారు, షోలో కూడా ఏడ్చిన వారమే ఓట్లు ఎక్కువ వచ్చాయి. కళ్లలో నీళ్లు వచ్చాయి కూడా. ఒక్క చుక్క జారితే చాలు, రేపు ఊరంతా అదే బొమ్మ. కింద 'అమాయకురాలు' అని రాస్తారు. పాపం పిచ్చిది, ఆట అని కూడా తెలియలేదు అంటారు.  మోసపోయింది అంటే పడేది, మొద్దుది అనిపించుకోవడానికి మనసు ఒప్పలేదు. మేడ మీద పుట్టిన వాడికి తెలిసింది, బస్తీలో పుట్టిన దానికి తెలియలేదు. ఆ మాట అనే అవకాశం మాత్రం వీళ్లెవరికీ ఇవ్వకూడదనుకుంది.

"నాకు గూడ తెల్సన్నా" అంది నర్మద. నవ్వింది. "పైన మైకున్నదని తెల్వంది ఎవరికి? నేను గూడ ఆటనే ఆడిన."

అభిజిత్ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇంద్రసేన కుర్చీలో ముందుకు వంగాడు.

"అంటే అంతా యాక్టింగేనా? ఏడ్పులు గూడ?"

"అంతా" అంది. ఇంత దూరం వచ్చాక వెనక్కెక్కడ పోతుంది?

అయిపోయాక మెట్ల మీద అభిజిత్‌ను ఆపి అడిగింది. "చెప్పేది ఇదైతే, నన్నెందుకు పిలిచినవ్? లగ్గం అని ఎందుకన్నవ్?"

"ఉన్నది చెప్తే వస్తుంటివా?" అన్నాడు, అదేదో ఆమెకు మేలు చేసినట్టు. "ఇద్దరు కావాలన్నడు ఇంద్రసేన. అయినా మస్తు హ్యాండిల్ చేసినవ్ నర్మదా. నిజంగ తెల్సా నీకు?"

"తెల్సు" అంది, అతని ముఖంలోకి చూస్తూ. అతను నమ్మాడు. నమ్మి, కొంచెం నొచ్చుకున్నాడు కూడా. ఆడించిన వాడికి తానూ ఆడించబడ్డానంటే ఎంత చేదో! ఆ కాస్త చేదు చూసి నర్మదకు ఒక్క నిమిషం హాయిగా అనిపించింది. ఆ ఇంటర్వ్యూలో ఆమెకు దక్కింది అదొక్కటే.

ఆటో ఎక్కకుండా నడిచింది. స్కార్ఫు కట్టుకోలేదు. చిక్కడపల్లి దాటి అశోక్‌నగర్ మలుపు తిరిగేసరికి చాయ్ బండి దగ్గర కోచింగ్ పిల్లలు ఫోన్లలోంచి తలెత్తి చూశారు. "అక్కా, ఏం మోసం చేసినవ్ అక్కా!" అన్నాడొకడు. పక్కవాడు "పాపం అభిజిత్ అన్న" అన్నాడు. చూశారా చోద్యం, మోసం చేసిన వాడు పాపమట. ఆమెకు కోపం రాలేదు. మొద్దు అనలేదు కదా, చాలు అనుకుంది.

మురికి నాలా పక్క బస్తీలోకి తిరగ్గానే పక్కింటి కురుమమ్మ గుమ్మంలో కనిపించింది. అందరూ కలిసి లైవ్ చూసింది ఆవిడ ఇంట్లోనే. పొద్దున చక్కెర తిన్న మనిషి. ఇప్పుడు ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. ఇంట్లో తండ్రి బాలప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఆదివారం పని లేని రోజు. రామమ్మ పొయ్యి ముందు ఉంది గానీ పొయ్యి వెలిగించలేదు.

"ఆడు గట్ల అన్నడని నాకు బాధ లేదు బిడ్డ" అన్నాడు బాలప్ప. "పెద్దింటోళ్లు, గట్లనే అంటరు. నువ్వు గూడ ఆటనే ఆడితివా?"

నర్మద చెప్పాలనుకుంది. కాదు నాయినా, నాకేం తెల్వదు, ఇంగ్లిష్‌ల చెప్పిన్రు, తల ఊపిన, నమ్మిన.  లోకానికి చెప్పిన అబద్ధాన్ని ఇంట్లో విప్పుకోవడం అనుకున్నంత తేలిక కాదు.

రామమ్మ ఇటు తిరిగింది. "ఒక్కటి చెప్పు. మమ్ముల్ని గా కెమెరాల ఇంట్లకు తోల్కపోయిన్రు గదా ఒకరోజు. నువ్వు ఉరికొచ్చి నన్ను పట్టుకున్నవ్. నా చేతులు కండ్లకద్దుకొని, గీ చేతులతోని తట్టలు మోసి నన్ను సాదితివి అని ఏడ్చినవ్. గది టీవీల చూసి అడ్డా మీద ఆడోళ్లందరు ఏడ్చిన్రు. మేస్త్రీ గూడ నన్ను అమ్మా అన్నడు ఆనాటి నుంచి. అది గూడ ఆటనేనా?"

"కాదమ్మా!" నర్మద కింద కూలబడి తల్లి చేతులు పట్టుకుంది. "అది నిజం. నీ మీద ఒట్టు, అది నిజమే." స్టూడియోలో ఆపుకున్నదంతా ఇప్పుడు కట్ట తెగి వచ్చింది. పౌడరు కరిగి చెంపల మీద చారలు కట్టింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

రామమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. కూతురి ముఖం కాసేపు చూసింది.

"గప్పుడు గూడ గిట్లనే ఏడ్చినవ్ బిడ్డ" అంది.