చెయ్యి బెణికిన రోజు

ఇట్లా దగ్గరికి జరగండి. ఇంకొంచెం దగ్గరికి. ఇది అరిచి చెప్పే మాట కాదు. మా కుంభారి కాలనీలో గోడలు పలచన, పక్కింటి కుక్కరు ఎన్ని కూతలు పెట్టిందో ఇక్కడ కూర్చుని లెక్కపెట్టొచ్చు. నా తెలివితక్కువతనం నా నోటితో నేనే చెబుతున్నాను, నవ్వొస్తే ఆపుకోకండి. నేనూ ఆపుకోను.

నా పేరు ఎల్లమ్మ. పెళ్లయి సోలాపూర్ వచ్చిన ఏడాదే బీడీల చేట ఒళ్లో పెట్టుకున్నాను. నలభై రెండేళ్లయింది, ఇంకా దించలేదు. మా ఆయన రామన్న పవర్‌లూమ్ మీద తువ్వాళ్లు నేసి నేసి చెవులు పోగొట్టుకున్నాడు. పూర్తిగా పోలేదు లెండి, నేను పని చెప్పినప్పుడే వినబడదు. ఇక్కడ ఇల్లు వచ్చాక మేమిద్దరం భవాని పేట్ విడిచి వచ్చాం. కొడుకు, కోడలు, మనవరాలు సాక్షి పేట్‌లోనే ఉన్నారు. సాక్షి అక్కడి బడిలోనే నాలుగో తరగతి.

ఆ బడిలో ఏడాదికొకసారి ఆజీ-ఆజోబా దినం చేస్తారు. అవ్వాతాతల్ని పిలిచి, కుర్చీలు వేసి, ఆటలాడించి, ఉప్మా పెట్టి పంపుతారు. మొదటి ఏడాది నేను పోలేదు. రెండో ఏడాది పోయాను, పోయేసరికి షామియానా విప్పుతున్నారు. సాక్షి నాకోసం పక్క కుర్చీ మీద నీళ్ల సీసా పెట్టి పొద్దంతా కాచుకుందట. అడిగిన పిల్లలందరికీ "మా అవ్వ బస్సులున్నది, వస్తది" అని చెప్పిందట.

ఎందుకు పోలేదంటే బీడీలు. చుట్టిన బీడీలు రోజూ పొద్దున పేట్‌లోని బీడీ కంపెనీ బ్రాంచికి పట్టుకుపోయి, మాలు సరిచూసే చెకర్‌కు అప్పజెప్పాలి, మళ్లీ ఆకు, తంబాకు తెచ్చుకోవాలి. ఎవరి మాలు వాళ్లే ఇవ్వాలి. బడి పండగ కూడా సరిగ్గా ఆ వేళకే.

ఈ ఏడాది ఒక ఆదివారం నాడు ఇంటికి వచ్చిన సాక్షి బడి పిలుపు కాయితం చేతిలో పెట్టింది. నాకు రెండో తరగతి చదువు, అదీ ఎప్పుడో ఎగిరిపోయింది. సాక్షే చదివి వినిపించింది. చదివి, మడిచి, అంది:

"ఈసారి నీకోసం కుర్చీ ఆపను అవ్వా. సోనాలి టీచర్ అడిగితే మా అవ్వ లేదు అని చెప్తా."

"లేదంటే ఏమనుకుంటరే పిల్లా? సచ్చిపోయిన్ననుకుంటరు."

"అనుకోనీ."

ఆ ఒక్క మాటతో నాకు అన్నం సహించలేదు. బతికి ఉండగానే మనవరాలి నోట చావడం ఎవరికి బాగుంటుంది? పోవాలి అనుకున్నాను. మరి బ్రాంచికి ఏం చెప్పాలి? "మనవరాలి బడికి పోతున్నాను" అని చెకర్ కొమురయ్యకు చెప్పొచ్చు కదా అని మీరంటారు. నాకు అది తోచలేదండి. పెళ్లికి నాగా పెట్టాను, చావుకు పెట్టాను, ఒళ్లు కాలిపోయే జ్వరానికి పెట్టాను. కుర్చీలాటకు నాగా పెట్టడం ఎక్కడైనా ఉందా అనిపించింది. ఇక మిగిలింది జబ్బు.

ఏ జబ్బు? అక్కడే చిక్కుబడ్డాం నేనూ, మా ఆయనా.

"జెరమని చెప్త," అన్నాను.

"జెరమంటే గోలీ ఏసుకొని రమ్మంటడు," అన్నాడు మా ఆయన. అప్పుడు చెవులు బాగా పనిచేస్తున్నాయి.

"కడుపునొప్పి?"

"కడుపుతోని బీడీలు చేస్తవా ఏంది? నోరు బెణికిందని చెప్పు. ఎవ్వరు నమ్మరు గని, నాకు రెండు దినాలు సుకముంటది."

చివరికి చెయ్యి అని తేల్చాను. చెయ్యి లేకపోతే బీడీ లేదు, ఎవరూ ఎదురు మాట్లాడలేరు. పండగ నాటి పొద్దున్నే కుడి చేతికి పసుపూ సున్నమూ పట్టించి, పాత చీర ముక్క మోచేతి దాకా చుట్టాను. అద్దంలో చూసుకుంటే నాకే జాలేసింది. అప్పుడు కొమురయ్యకు ఫోన్ చేశాను.

"అయ్యో, కొమురయ్యా... చెయ్యి బెణికింది బిడ్డా... అబ్బా..."

"ఏ చెయ్యి ఎల్లవ్వా?"

"కుడిది. పుల్ల గూడ లేపనీకొస్తలేదు."

"అరే దేవా! ఆరామ్ చెయ్ అవ్వా. జల్ది రాకు."

అంత మంచిగా మాట్లాడతాడని అనుకోలేదు. తిడితే బాగుండేది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, ఆ ఫోన్ పట్టుకున్నది కట్టు కట్టిన చేత్తోనే. రామన్న గోడకేసి తిరిగి భుజాలు ఊపుతున్నాడు. దగ్గనుకున్నాను, నవ్వు.

కొంతం చౌక్‌లో బస్సు దిగి, నడిచి, బడి గేటు దాటేసరికి సాక్షి నన్ను చూసింది. పరుగెత్తి వచ్చింది, చెయ్యి చూసి ఆగిపోయింది.

"ఏమైందవ్వా?"

"ఏం కాలే. ఉత్తగనే," అన్నాను.

కుర్చీలో కూర్చుని అటూ ఇటూ చూశాను. మా బ్రాంచి పార్వతీబాయి! ఆ పక్కన ఇంకో ఇద్దరు మా బ్రాంచివాళ్లే! పేట్‌లో బడి, పేట్‌లో పిల్లలు, ఆ పిల్లల అవ్వలంతా బీడీలు చేసేవాళ్లే కాక ఇంకెవరుంటారు? నలభై రెండేళ్లు ఆ సందుల్లో తిరిగి, ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

పార్వతీబాయి నా కట్టు చూసింది. నేను ఆమె మెడకు చుట్టుకున్న మఫ్లర్ చూశాను. ఎండ మండిపోతోంది.

"ఏమైంది ఎల్లవ్వా చేతికి?"

"బెణికింది. నీకేమైంది పార్వతక్కా?"

"జెరం. నూట మూడు," అని ఉప్మా రెండోసారి పెట్టించుకుంది.

అప్పుడే సోనాలి టీచర్ మైకులో పిలిచింది. పూల దండ కట్టే పోటీ. పది నిమిషాలు, ఎవరి దండ పొడవైతే వాళ్లకు గెలుపు. టీచర్ పేర్లు చదివింది. మూడో పేరు నాది. కుర్చీ ఆపనంటూనే సాక్షి వారం ముందే రాయించిందట.

"మా అవ్వ చెయ్యి మిషన్ లెక్క నడుస్తదని అందరికి చెప్పిన," అంది నా చెవిలో. తర్వాత కట్టు వైపు చూసి, "పోనీ తియ్, టీచర్‌కు చెప్పొస్తా," అని లేచింది. ఏడుపు మింగుతున్న పిల్ల మెడ ఎట్లా కదులుతుందో చూశారా ఎప్పుడైనా?

పార్వతీబాయి చూస్తోంది. చూడనీ అనుకున్నాను. చీర ముక్క చివర పట్టి లాగాను, చుట్లు చుట్లుగా ఊడి వచ్చింది. లోపల పసుపు సున్నానికి ఎర్రబారిన చెయ్యి, ఏ వాపూ లేకుండా నిగనిగా.

"అగో! బాగైంది!" అంది పార్వతీబాయి.

"నీ జెరం దిగినాక నాది గూడ దిగింది!" అన్నాను. బ్రాంచివాళ్లంతా పకపకా నవ్వారు. మఫ్లర్ తీసి ఆమె కూడా పోటీకి లేచింది.

చామంతి పూలు, దారం. ఈల వేశారు. నా చేతికి ఇంకేం కావాలి? పువ్వు, చుట్టు, ముడి. పువ్వు, చుట్టు, ముడి. కళ్లు సాక్షి మీద పెట్టి కడుతున్నాను. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, నేను ఇంకా వేగం పెంచాను. మళ్లీ ఈల. కిందికి చూసుకున్నాను.

దండ లేదు.

మూడు కట్టలున్నాయి. ఇరవై అయిదు పూలు కాగానే నా చెయ్యి దారం పుటుక్కున తెంపి, బిగించి ముడి వేసి, పక్కన పెట్టేసింది. బీడీ కట్ట అంతే కదా, ఇరవై అయిదు. నన్ను అడగనే లేదు ఆ చెయ్యి. పక్కకు చూస్తే పార్వతీబాయి ముందు కూడా రెండు కట్టలు, మూడోది సగం. గెలిచింది ఎవరో రిటైరయిన కండక్టర్ ఆజోబా. ఆయన దండలో మూరకు నాలుగు పూలు, కానీ పొడుగ్గా ఉంది.

"దండ అన్నరు గదా అవ్వా," అంది సాక్షి. కోపంతో అందామనుకుని నవ్వేసింది. నవ్వి నవ్వి నా ఒళ్లో పడింది.

సాయంత్రం కొడుకింట్లో చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. కొమురయ్య. సాక్షి నా పక్కనే ఉంది. నా బెణుకు సంగతి నేను మర్చిపోలేదు, అలవాటు కొద్దీ గొంతు దానంతటదే మారింది.

"హలో... అబ్బా... కొమురయ్యా..."

"చెయ్యెట్లున్నది ఎల్లవ్వా?"

"ఏం చెప్పాలె బిడ్డా. వాపు."

"బడి ఫొటోలు వాట్సాప్ గ్రూపుల వచ్చినయ్. బల్ల మీద పూల కట్టలు గూడ. అట్ల ఎవరు కడ్తరబ్బా అని సోంచాయిస్తున్న."

నేను నోరు తెరిచే లోపల సాక్షి నా కొంగు లాగింది. దాని ముఖంలో పొద్దుటి నవ్వు లేదు.

"నా శాళకు వచ్చినవని దాస్తున్నవా అవ్వా? వస్తే తప్పా?"

ఫోన్‌లో కొమురయ్య, ఎదురుగా అది. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాను.

"చెయ్యి మంచిగనే ఉన్నది కొమురయ్యా. మనవరాలి బడికి పోయిన. అబద్దమాడిన."

కొమురయ్య అన్నాడు, "మరి అడగొద్దా ఎల్లవ్వా? పొద్దుగాల తొమ్మిది మంది బిమార్ అన్నరు. పేట్‌ల ఏం రోగమొచ్చిందో అని నేను భయపడ్డ."

"అడిగితే ఒద్దంటవని."

"అడిగినవా ఎన్నడన్న?"

గుర్తు చేసుకున్నాను. నాకు అన్నీ గుర్తుంటాయి. నా పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో చెబుతాను. అడిగిన రోజు మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఎవరూ వద్దనకముందే నాకు నేనే వద్దనుకుంటూ వచ్చాను, అంత బుద్ధిమంతురాలిని.

"అయితే గిప్పుడడుగుతున్న. శనివారం గూడ మనవరాలి బడికి..." అన్నాను.

"శనివారమా? అరే, శనివారం మాలు లారీకెక్కాలె, శనివారం ఒక్కటి ఒద్దవ్వా!"

చూశారా? అడిగిన మొదటిసారే! నేను సరేననబోయాను, నా నోటి సంగతి మీకు తెలుసు. సాక్షి ఫోన్ లాక్కుంది.

"తాతా, మా అవ్వ శనివారం రాదు. మా నాటకమున్నది. నాది చెట్టు ఏషం."

"నువ్వెవరమ్మా?"

"ఎల్లమ్మ మనవరాల్ని. పూల కట్టలు కట్టింది మా అవ్వనే," అంది సాక్షి, గట్టిగా, సందంతా వినబడేట్టు.

కొమురయ్య ఏమన్నాడో నాకు వినబడలేదు. నవ్వాడని మాత్రం సాక్షి చెప్పింది. శనివారం నేను పోయాను. చెట్టు బాగా నిలబడింది, ఒక్క ఆకు కదపలేదు.

ఇదీ సంగతి. గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో ఎవరైనా ఒంట్లో బాగానే ఉండి, ఫోన్ పట్టుకుని గొంతు సవరించుకుంటుంటే, పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లకు ఇది చెప్పండి. నా పేరు పెట్టే చెప్పండి, దాచేదేం లేదు. కొంచెం పెంచి చెప్పినా నేనేమీ అనుకోను.