జగ్గయ్య అడిగాడట

కోడ్ మార్పుకి కారణం రాసే ఆ గడి ఖాళీగా వదిలేసినా పోయేది, యాప్ బిల్డ్ ఏమీ ఆగదు, కానీ ఉమామహేష్ రాశాడు, కారణం: జగ్గయ్య అడిగాడు, అని ఈ వేళ్ళతోనే, రెండేళ్ళ కిందట, ఫోన్లలో గాలి హెచ్చరిక ఊరికే మోగుతోందని బోటు డ్రైవర్లు విసుక్కుంటే, ఆ యాప్ సోర్స్ ప్యాకేజీ దించి, ఆ మోత నొక్కేసే ప్యాచ్, కోడ్ మీద చిన్న అతుకు, వేసి, రేపు ఎవడైనా నిలదీస్తే అడ్డు ఉంటుందని హార్బర్లో అందరికన్నా పెద్దాయన జగ్గయ్య పేరు పెట్టేశాడు, చదువు రాని మనిషి, చూడొచ్చాడా అని, ఆయనేమో ఆ రోజే అన్నాడు, ఒరే అల్లుడా, దాని నోరు మూయించకు, గాలొస్తంటే మనకెవుడు సెప్తాడు.

ఇప్పుడు కొత్త వెర్షన్ వచ్చింది, ఆ ప్యాచ్ తీసెయ్యాలి, అది అన్నిటికన్నా అడుగున ఉంది, దాని మీద ఇంకో ఆరు ప్యాచ్‌లు, ద్వారకా నగర్ గదిలో పొద్దున్నుంచీ పైనుంచి ఒక్కొక్కటే విప్పుతున్నాడు, తెలుగు అక్షరాలది, బ్యాటరీది, అన్నీ మంచివే, కింద ముడి తప్పైతే పై కళ్ళన్నీ విప్పాల్సిందేరా అనేది అమ్మ వల అల్లుతూ, పంటితో దారం తెంపుతూ, మొన్న భీమిలి ఎదర గాలికి బోటు డ్రైవర్ తాతబాబు చెయ్యి విరిగినప్పుడు ఫోన్ జేబులో కిక్కురుమనలేదు, నిన్న బోటు సంఘం మీటింగులో, ఫోన్లెందుకు మోగలేదో చూద్దామని తెర మీద వేస్తే, ఆ కారణం వరుస చదివి తాతబాబు కట్టు కట్టిన చెయ్యి చూపించాడు, ఏటి మావా, నీ సెవులు పోయాయని మా సెవులు కూడా మూసేసినావా, అందరూ ఘొల్లుమన్నారు, నాను అడగలేదర్రా, గంగమ్మ తోడు, ఓరి మహేసూ, నువ్వైనా సెప్పరా, పోర్టు గేటు ముందు మైకు పట్టి అన్యాయం అన్యాయం అని అరిచే నోరున్న ఉమామహేష్ తెర వైరు సర్దుతూ కూర్చున్నాడు, జగ్గయ్య చెప్పులు కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు, అవి ఈ గది గుమ్మంలోనే ఉన్నాయి, తను తెచ్చాడే గానీ ఇచ్చే ధైర్యం ఏది.

ఆఖరిది ఊడింది, కోడ్ ఎవడూ ముట్టుకోనట్టే ఉంది, బిల్డ్ అయింది, పరీక్షకి పెట్టిన ఫోన్ గట్టిగా మోగింది, హమ్మయ్య అనుకోవాల్సిన మాటే, కానీ వేలు అప్పటికే డిలీట్ మీద ఉంది, ఊడదీసిన ఆ ప్యాచ్ ఫైలు మీద, తన దొంగ రాత మీద, ఒక్క నొక్కుతో ఇక ఎవడికీ తెలీదు, ఛీ, పొద్దున్నుంచీ ఈ ఆత్రమంతా మోత తిరిగి తెప్పించడానికి కాదు, ఈ వరుస మాయం చెయ్యడానికి, వేలు తీసేశాడు, మీట నొక్కితే ఫైలు పోతుంది, హార్బర్ నోళ్ళలో నానుతున్న జగ్గయ్య పేరు పోదు, దాన్ని కడగాల్సింది ఈ నోరే, చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు, బోట్లు కదలకముందే వెళ్ళాలి, అందరూ ఉండగా, ముందు తాతబాబుతోనే, అది రాసింది నానే బావా.