ఏడో మలుపు దగ్గర బ్రేకు అక్కర్లేదు

ఆ వీధిలో బండి ఆపిన ప్రతివాడూ దిగగానే చక్రం కింద ఇటుక పెట్టేవాడు. వీధి పల్లంగా ఏమీ లేదు. కుట్టుపని చేసే చక్రాలమ్మ ఇల్లు అక్కడుంది, అంతే. ఆవిడకు కోపం వస్తే చుట్టుపక్కల చక్రాలన్నీ తిరిగేవి. పోస్టుమాన్ సైకిలు గోడకు ఆనించి ఉత్తరం ఇచ్చి వచ్చేసరికి అది నాలుగిళ్ళ అవతల ఉండేది. ఇవాళ ఆవిడ మనసు బాగున్నట్టు లేదని గొణుక్కుంటూ ఎవరి బండి వాళ్ళు వెతుక్కునేవారు. ఇటుకల వ్యాపారికి మాత్రం ఆవిడంటే మహా గౌరవం.

పొద్దున్నే ముందు గదిలో మిషను దగ్గర కూర్చునేది. లాగూలు పొట్టి చెయ్యడం, నడుములు వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం ఆవిడ పని. నిన్న తానే ఇచ్చిన కొలతను ఇవాళ నేనెప్పుడు చెప్పానని దబాయించే గిరాకీ వస్తే, కాలు పెట్టకుండానే మిషను తిరిగేది. కానీ కోపాన్ని అలా వదిలెయ్యడానికి వీల్లేదు. కళ్ళు మూసుకుని సన్నటి సూదిలో దారం ఎక్కిస్తున్నాననుకో, కోపం దిగుతుంది అని చిన్నప్పుడే తల్లి నేర్పింది. నలభై ఏళ్ళుగా ఎక్కిస్తూనే ఉంది. ఆ దారమంతా పోగేస్తే ఊరందరికీ చొక్కాలు కుట్టొచ్చు.

పెళ్ళైన కొత్తలో కారు నేర్చుకోవాలని లైసెన్సుకు దరఖాస్తు రాసింది. అత్తగారు అటే వెళ్తున్నానంటే ఆవిడ చేతికిచ్చి పంపింది. చక్రాల సంగతి తెలిసి ఆఫీసువాళ్ళు కుదరదన్నారని సాయంత్రం అత్తగారు వచ్చి చెప్పింది. న్యాయమే కదా అనుకుని ఊరుకుంది. తరవాత్తరవాత రేసింగ్ ఆటలు పట్టుకుంది. తెర మీది చక్రాలకు ఆవిడ కోపం పట్టదు, వేళ్ళు చెప్పినట్టు తిరుగుతాయి. ఆవిడ కడుపునిండా తిట్టుకుంటూ కూర్చోగలిగిన చోటు ప్రపంచంలో అదొక్కటే.

ఆ ఆటల మీద నాలుగేళ్ళు కష్టపడి సొంతంగా ఒక సైటు తయారుచేసింది. నల్లటి నేల, పసుపుపచ్చ అక్షరాలు, పైన ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తే ఎర్ర కారు. రెండువందల పన్నెండు మలుపులు, ఒక్కోదానికి ఒక్కో పేజీ. తెర మీద టేపు పెట్టి కొలిచి, చొక్కా చంకకు గుండ్రం తీసినట్టే కటింగు కాగితం మీద గీసి, ఎక్కడ వేగం తగ్గించాలో ఎక్కడ వదలాలో రాసి ఎక్కించింది. ఎక్కించాక ఆ కాగితాలనే గిరాకీల లాగూలకు కత్తిరించేసింది. అడుగున ఒక పెట్టె పెట్టి, ఎలా ఉందో రాయండి అని అడిగింది.

ఎవరేం చెప్పారో వింటే మీ సైకిలూ కదులుతుంది. మొగుడు తలుపు వైపు చూస్తూ బాగుంది అన్నాడు. పక్కింటావిడ కుట్టు కూలి రేట్లు కూడా పెట్టమంది. ఒక గిరాకీ, ఈ వయసులో మీకిదేం పిచ్చండీ అని నవ్వాడు. ముక్కూ మొహం తెలియని మనిషెవరో మాత్రం పెట్టెలో ఒక్క వాక్యం రాశాడు. మూడో ట్రాకులో మీరు చెప్పింది తప్పు, ఏడో మలుపు దగ్గర బ్రేకు అక్కర్లేదు అని. అది చదివి భగ్గుమంది. వీధిలో రెండు సైకిళ్ళు పడ్డాయి. కానీ ఆటలో కూర్చుని నలభైసార్లు ఆ మలుపు తిరిగి చూస్తే, అతను చెప్పిందే నిజం. దిద్దుకుని, దణ్ణం పెడుతూ జవాబు రాసింది. చదివి చెప్పడమంటే అదీ.

మరిది సైట్లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగి కాబట్టి అతన్నీ అడిగింది. దర్జీలకు బట్ట చూపించడమంటే చేతికివ్వడమే. అందుకని చూడమంటూ పాస్‌వర్డు కూడా ఇచ్చింది. చేసిన తప్పు అదొక్కటే.

శుక్రవారం సాయంత్రం అయిదు దాటాక, తల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి మరిది కారేసుకుని వచ్చాడు. అత్తగారు ముందే వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. అతను లోపలికొచ్చి వదిన ముందు సైటు తెరిచాడు. తెల్లటి పేజీ. మధ్యలో ఎక్కణ్ణుంచో తెచ్చిన కారు ఫొటో. దాని కింద మూడు మాటలు. వేగం. ఉత్సాహం. అనుభూతి.

"మలుపులేవి?" అంది.

"అన్ని మలుపులు ఎవరు చదువుతారు వదినా? పసుపు అక్షరాలు, పరుగెత్తే బొమ్మ... జనం నవ్వుతారు. ఆ పెట్టె కూడా తీసేశాను, ఎవరూ రాయట్లేదుగా."

"ఎలా ఉందో చెప్పమన్నాను."

"చెప్పడమెందుకని చేసే పెట్టాను."

మిషను చక్రం దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. వీధిలో టైర్లు ఇటుకలను గుద్దుతున్న చప్పుడు. ఆవిడ అలవాటుగా కళ్ళు మూసుకుంది, మనసులోనే సూది తీసుకుంది, దారం దగ్గరికి తెచ్చింది. పాత పేజీలు ఎక్కడున్నాయని అడిగింది. ఆఫీసు కంప్యూటర్లో కాపీ ఉందనీ, ప్రతి శుక్రవారం ఆరింటికి అది పనికిరానివన్నీ తనే తుడిచేసుకుంటుందనీ, ఆపాలంటే దాని ముందు కూర్చోవాలనీ చెప్పాడు. గోడ గడియారంలో అయిదూ ఇరవై రెండయింది.

"పద," అంది.

"పెట్రోలు లేదు వదినా. వచ్చేటప్పుడే లైటు వెలిగింది. అయినా పోతే పోయింది, ఇప్పుడున్నదే బాగుంది కదా."

ఆవిడ చేతిలోని సూదీ దారమూ రెండూ వదిలేసింది.

బయటికొచ్చి చక్రం కింది ఇటుకను కాలితో తన్ని, మరిదిని పక్క సీట్లోకి తోసి, స్టీరింగు ముందు కూర్చుంది. ఫ్యాను గాలి కోసం తాళం చెవి దాన్లోనే ఉంది. ఇంజను ఆపి ఉంది. పెట్రోలు లేకుండా ఎలా అన్నాడతను.

"నేనున్నాను," అంది.

కారు కదిలింది. కంటికి కనపడని చేతులు తోస్తున్నంత నెమ్మదిగా మొదలై, బాగుంది అన్న మొగుడి మాట గుర్తు రాగానే వేగం పుంజుకుంది. ఈ వయసులో అన్న మాట తలుచుకుంటే ఇంకాస్త. ముందున్న బస్సు, కూరల బండి, కుర్రది తోసుకెళ్తున్న చంటిబిడ్డ బండి కూడా ఆవిడ కోపానికే కదిలి పక్కకు జరిగాయి. మలుపు వస్తే కళ్ళు తెరిచే మనసులో సూదికి దారం ఎక్కించుకునేది, కారు తగ్గేది. దాటగానే దారం లాగేసేది. నలభై ఏళ్ళుగా మింగిన కోపమే ఆవిడకు బ్రేకు. అలాంటి బ్రేకు ఊళ్ళో ఎవరి బండికీ లేదు. మరిది డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నాడు.

వంతెన మొదలయ్యేసరికి ఒక చిక్కొచ్చింది. ఆవిడకు ఆనందం వేసింది. చేతిలో నిజం కారు, పక్కనుంచి వెనక్కి పోతున్న నిజం దీపస్తంభాలు. కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. కారు సగం ఎత్తెక్కి ఆగి, మెల్లగా వెనక్కి జారింది. టైము పది తక్కువ ఆరు. రెండువందల పన్నెండు మలుపులు పోతాయని తలుచుకుంది. ఏడుపొచ్చింది కానీ కోపం రాలేదు.

అప్పుడు వెనక సీట్లోంచి అత్తగారు గొంతు సవరించుకుంది.

"నీ దరఖాస్తు ఆఫీసుకు వెళ్ళనే లేదమ్మా. దారిలో నేనే చింపేశాను."

ఆవిడ వెనక్కి తిరగలేదు. అద్దంలో ఆ ముసలి మొహాన్ని చూసింది. ఇరవై రెండేళ్ళు. న్యాయమే కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్న ఇరవై రెండేళ్ళు. వంతెన మీదున్న చక్రాలన్నీ ఒక్కసారిగా ముందుకు దూకాయి, ఆ కారు అన్నిటికంటే ముందు దూకింది. వంతెన దిగే చోట రోడ్డు ఎడమకు తిరుగుతుంది. మరిది బ్రేకు, బ్రేకు అని అరిచాడు. ఆవిడ ఆ వంపును చూసింది. చంక గుండ్రం అంతే, ఒక వేలు వదులు.

"ఇక్కడ అక్కర్లేదు," అంది. వెయ్యలేదు.

నాలుగు నిమిషాలుండగా ఆఫీసు చేరారు. రెండువందల పన్నెండు పేజీలూ ఒక్కొక్కటే పైకెక్కేదాకా మరిది కుర్చీ వెనకాలే నించుంది. ఎర్ర కారు మళ్ళీ పరుగెత్తాక, అతని మొహం గోడ వైపు తిప్పించి పాస్‌వర్డు మార్చింది. తరవాత అతన్ని మళ్ళీ తెర ముందు కూర్చోబెట్టి, ఇప్పుడు చదివి చెప్పమంది. అతను గంటసేపు చదివాడు. ఆఖరికి తొమ్మిదో ట్రాకు బొమ్మ తలకిందులుగా ఉందన్నాడు. నిజమే, ఉంది. తిప్పి పెట్టుకుంది.

కిందికొచ్చేసరికి అత్తగారు కార్లోనే కూర్చుని ఉంది.

"ఎందుకు చింపారు?"

"చక్రాలు నీ మాట వింటాయి. కారు కూడా చేతికొస్తే నువ్విక్కడ ఎందుకుంటావు అనిపించింది."

క్షమించమని ఆవిడా అడగలేదు, ఈవిడా క్షమించలేదు. కారు చక్రాలు అర అంగుళం కదిలాయి. మరిది ఆశగా చూశాడు.

"కోపం ఇంకా ఉందిగా వదినా. ఇంటిదాకా వచ్చేస్తుంది."

"ఉంది. అది నాది. నువ్వు దిగి బంకు దాకా తొయ్యి."

అతను తోశాడు. ఆవిడ స్టీరింగు తిప్పింది.

సోమవారం లైసెన్సు ఆఫీసులో కొత్త దరఖాస్తు తనే తీసుకెళ్ళి గుమాస్తా ముందు పెట్టింది. తన కోపానికి చక్రాలు తిరుగుతాయని ముందే చెప్పేసింది, అందుకే ఇంతకుముందు కుదరదన్నారని విన్నానంది. గుమాస్తా కాగితాలు అటూ ఇటూ తిరగేశాడు.

"అలాంటి రూలేమీ లేదండీ. ఎప్పుడూ లేదు," అన్నాడు.

అతను కూర్చున్న, కాళ్ళకు చక్రాలున్న ఆఫీసు కుర్చీ బల్ల దగ్గరనుంచి గోడ దాకా దొర్లుకుంటూ పోయింది. అతను లేచి, కుర్చీ లాక్కొచ్చుకుని, బల్ల కిందనుంచి ఒక ఇటుక తీసి చక్రానికి అడ్డం పెట్టుకుని, ముద్ర వేశాడు.